కాగితాలు లేని పిల్లలు పేరు చెప్పుకున్న రోజు

అమెరికాలో ఉండటానికి అనుమతి కాగితాలు లేకుండా బతికే ఇళ్లల్లో పిల్లలకు చిన్నప్పటి నుంచి నూరిపోసేది ఒకటే: ఎవరికీ చెప్పొద్దు. బడికి మాత్రం అడ్డు లేదు. 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ బడిలో చదువుకోవచ్చు. అసలు కష్టం ఆ తర్వాతే. ఉద్యోగానికి అనుమతి ఉండదు. వీళ్లకు చట్టబద్ధ హోదా ఇచ్చే డ్రీమ్ యాక్ట్ 2001లో సెనేట్ ముందుకొచ్చింది, నేటికీ చట్టం కాలేదు.

అనుమతి లేకుండా దేశంలో ఉండటాన్నే పెద్ద నేరంగా మార్చే బిల్లును 2005 డిసెంబరులో ప్రతినిధుల సభ ఆమోదించింది. మరుసటి వసంతంలో చికాగో, లాస్ ఏంజెలెస్ వీధులు లక్షల మందితో నిండిపోయాయి. స్పానిష్ రేడియోలు, చర్చిలు, కార్మిక సంఘాలు జనాన్ని కదిలించాయి. ఆ బిల్లు అక్కడితో ఆగిపోయింది.

కానీ గుంపులో నడవడం వేరు, మైకు పట్టుకుని ‘నాకు కాగితాలు లేవు’ అనడం వేరు. 2010 మార్చి 10న చికాగోలో కొందరు యువతీయువకులు నడిబజారులో ఆ మాటే అన్నారు. దాచుకున్నది బయటికి చెప్పుకునే ఈ పద్ధతిని స్వలింగ సంపర్కుల హక్కుల ఉద్యమం నుంచి తీసుకున్నారు. ఆ ఏడాదే నలుగురు విద్యార్థులు మయామీ నుంచి వాషింగ్టన్‌కు 1,500 మైళ్లు నడిచారు. అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో, ఆ రాష్ట్ర సెనేటర్ మెక్‌కెయిన్ ఆఫీసులో బైఠాయించి అరెస్టయినవాళ్లలో కాగితాలు లేనివాళ్లూ ఉన్నారు. దేశం నుంచి పంపేస్తారని తెలిసే కూర్చున్నారు. నా దృష్టిలో ఇది మొండి ధైర్యం కాదు, లెక్క ఉన్న ధైర్యం. నలుగురికీ తెలిసిన మనిషిని పట్టుకుంటే ఆఫీసులకు ఫోన్లు మోగుతాయి, సంతకాలు పోగవుతాయి. దాక్కున్న మనిషిని పంపేస్తే అడిగే నాథుడుండడు.

ఆ ఏడాది డిసెంబరులో డ్రీమ్ యాక్ట్‌కు సెనేట్‌లో 55 ఓట్లు వచ్చాయి, కావాల్సినవి 60. దాంతో ఒత్తిడి నేరుగా అధ్యక్షుడి మీదికి మళ్లింది. 2012 జూన్ 15న, ప్లైలర్ తీర్పుకు సరిగ్గా ముప్పై ఏళ్లు నిండిన రోజున, ఒబామా ప్రభుత్వం డాకా ప్రకటించింది. చిన్నప్పుడే వచ్చిన ఇలాంటివాళ్లను దేశం నుంచి పంపేయకుండా ఆపి, ఉద్యోగానికి అనుమతి ఇచ్చే పథకం ఇది. రెండేళ్లకోసారి రెన్యువల్, పౌరసత్వం ఊసు లేదు. అయినా 8 లక్షల మందికి పైగా దాని నీడన ఉద్యోగాలు చేసుకున్నారు. 2017లో ట్రంప్ ప్రభుత్వం రద్దు చేయబోతే, 2020లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో అడ్డుకుంది. 2021లో టెక్సస్ కోర్టు తీర్పుతో కొత్తవాళ్లకు మంజూరు ఆగిపోయింది.

మన తెలుగు ఇళ్లల్లోనూ ఈ టెన్షన్ ఉంది. హెచ్1బి తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలకు 21 నిండితే డిపెండెంట్ వీసా పోతుంది. 2012 జూన్ 15 నాటికి వీసా ఉన్నవాళ్లకు డాకా వర్తించదు. అలాంటి పిల్లలు కూడా ఇప్పుడు కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల తలుపులు తట్టి, తమ పేరూ వయసూ చెప్పుకుంటున్నారు.