పగడాల తొట్టికి హైదరాబాద్ ఎండ

వైజాగ్ వెళ్లినప్పుడు నాలుగు క్యాన్లు సముద్రపు నీళ్లు పట్టుకొస్తే సరిపోదా? ఇంట్లో పగడాల ఆక్వేరియం పెడదామనుకునే హైదరాబాదీలు ముందు అడిగేది ఇదే. కిరాణా కొట్టు దొడ్డుప్పు కలిపితే పోదా అనేది రెండో ప్రశ్న. రెండూ కుదిరే పనులు కావు. ఒడ్డు దగ్గరి నీళ్లలో మట్టి, మురుగు ఉంటాయి. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు పగడాలకు పడవు. మన కోస్తాలో పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి అదొక ముఖ్య కారణం.

ఉప్పు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నౌపడ, చినగంజాం ఉప్పు మళ్లలో సముద్రపు నీరు ఎండుతున్నప్పుడు ముందుగా కాల్షియం కార్బొనేట్, ఆ తర్వాత జిప్సం అడుగుకు దిగుతాయి. సోడియం క్లోరైడ్ గడ్డకట్టేది వాటి తర్వాతే. మెగ్నీషియం, పొటాషియం ఆఖర్న మిగిలే చేదు నీళ్లలో ఉండిపోతాయి. అంటే వంటింటికి వచ్చేసరికి సముద్రపు నీటిలోని ఈ ఖనిజాలు చాలావరకు దారిలోనే జారిపోయాయి. పగడానికేమో లీటరుకు 410 మిల్లీగ్రాముల కాల్షియం, దాదాపు 1,290 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావాలి. అందుకే ఆక్వేరియం షాపులో రీఫ్ సాల్ట్, అంటే ఈ ఖనిజాలన్నీ కలిపిన పగడాల ట్యాంకు ఉప్పు, కొనక తప్పదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉండేలా కలిపితే, మంచినీటితో పోల్చి ఉప్పునీటి బరువు చూపే హైడ్రోమీటర్ 1.025 దగ్గర నిలుస్తుంది.

ఇక ఇంట్లో ఉన్న పాత చేపల ట్యాంకును మార్చడం. అందులో ఎప్పుడైనా రాగి ఉన్న మందు వేసి ఉంటే దాన్ని వదిలేయడమే మేలు. గులకరాళ్లకు, అద్దాలను అతికిన జిగురుకు పట్టిన కాస్త రాగి చాలు, రొయ్యలు, నత్తలు, పగడాలు బతకవు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకులో దాదాపు 450 లీటర్ల నీళ్లు పడతాయి. అద్దం, రాళ్లు కాక నీళ్లే 460 కిలోలు. ఇళ్ల అంతస్తులకు మన ప్రమాణాలు లెక్కకట్టే బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. ఈ ట్యాంకు కింద అది 600 దాటుతుంది. కాబట్టి హాలు మధ్యలో పెట్టొద్దు, దూలం ఉన్న గోడ పక్కకు జరపాలి, అపార్టుమెంటైతే ఇంజినీరును అడగాలి.

ట్యాంకు వెనక రంధ్రం చేసి, స్టాండులో ఇంకో చిన్న తొట్టి పెట్టి, పైనుంచి పొర్లిన నీరు అందులోకి దిగి పంపుతో మళ్లీ పైకెక్కేలా చేస్తారు. టెంపర్డ్ గ్లాసుకు డ్రిల్ పెడితే మొత్తం పొడి అయిపోతుంది, ముందే కనుక్కోవాలి. కరెంటు పోయినప్పుడు పై నీరు కొంత కిందికి వచ్చేస్తుంది కాబట్టి కింది తొట్టిని నిండా నింపకూడదు. కరెంటు కోతకు అసలు టెన్షన్ నీళ్లు పొర్లడం గురించి కాదు, ప్రాణవాయువు గురించి. 25 డిగ్రీల ఉప్పునీటిలో లీటరుకు 7 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ కరగదు, వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. ఇన్వర్టర్ మీద లైట్లు వద్దు, నీటిని కదిపే పంపు ఒక్కటి ఉంటే చాలు.

రాళ్లు వేసి, ఉప్పునీళ్లు నింపి, చేపల్లేకుండా నెల, నెలన్నర ఊరుకోవాలి. వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడటానికి అంత సమయం పడుతుంది. ఇక్కడ తొందరపడిన వాళ్లే ఎక్కువ.

హైదరాబాద్‌లో అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో. పగడం జంతువు. దాని ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు (కంటికి కనిపించని నాచు) వెలుతురుతో చక్కెర తయారుచేసి దానికి పెడతాయి. వేడి మితిమీరితే ఆ బంధం చెడుతుంది, శైవలాలు బయటికి పోయి పగడం తెల్లబడుతుంది. ట్యాంకుకు 25, 26 డిగ్రీలు హాయి. బయట 41 ఉన్నరోజు ఏసీ లేని గదిలో పంపులు, లైట్ల వేడి కూడా కలిస్తే 32 దాటడానికి ఎంతోసేపు పట్టదు.

మూత తీసేసి, చేపలు ఎగిరి బయటపడకుండా వల బిగించి, నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పండి. ఇంట్లో కూలర్ చేసే పనే ఇది. ఒక లీటరు నీరు ఆవిరైతే 100 లీటర్ల నీటిని దాదాపు 6 డిగ్రీలు చల్లబరిచేంత వేడి పట్టుకుపోతుంది. మన వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇది ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చెన్నైలో ఇంత సుఖం లేదు.

అయితే ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. 300 లీటర్ల ట్యాంకులో రోజుకు ఐదు లీటర్లు పోతే వారంలో మిగిలేది 265 లీటర్లు. లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 40కి చేరువవుతుంది. పోయిన మేరకు ఉప్పులేని నీళ్లు రోజూ పోయాలి. వేసవి సెలవులకు ఊరెళ్లేవాళ్లు ఆ పనికి, నీటిమట్టం తగ్గగానే పంపును నడిపించే ఫ్లోట్ సెన్సర్ పెట్టుకోవడం మంచిది. పోసే నీళ్లలో ఉన్నదంతా ట్యాంకులో పేరుకుంటూ పోతుంది కాబట్టి బోరు నీళ్లు పనికిరావు. మనం తాగే ఆర్ఓ నీళ్లలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల లెక్క) 50 ఉన్నా మనకు ఇబ్బంది లేదు. ట్యాంకుకు మాత్రం ఆర్ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే రెసిన్ గొట్టం తగిలించి దాన్ని సున్నాకు తేవాలి.

ఇక్కడే నాకు బాగా నచ్చే కిటుకు ఒకటుంది. పగడం అస్థిపంజరం కాల్షియం కార్బొనేట్. అది పెరిగేకొద్దీ నీటిలో కాల్షియం, క్షారత (ముఖ్యంగా బైకార్బొనేట్ల నిల్వ) రెండూ తగ్గుతాయి. ఆవిరైన నీటి బదులు సున్నపు తేట పోస్తే రెండూ ఒకేసారి తిరిగొస్తాయి. లీటరు నీటిలో గ్రామున్నర కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, తేరుకున్నాక పైతేట తీస్తే అందులో సుమారు 0.8 గ్రాముల కాల్షియం ఉంటుంది. కిళ్లీ సున్నం వాడొద్దు, దాని శుద్ధి మనకు తెలియదు. తేట పీహెచ్ 12 దాటుతుంది కాబట్టి చేతికి తగలనీయకూడదు, గబుక్కున పోయకూడదు. రాత్రిపూట చుక్కలు చుక్కలుగా దించాలి. రాత్రి ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది, తేట దాన్ని పైకి లాగుతుంది. చిన్న పగడాలే ఉన్న ట్యాంకుకు రోజుకు ఐదు లీటర్ల తేట మరీ ఎక్కువ. క్షారత పరీక్ష చేస్తూ కొలత పెంచుకోవాలి.

పగడాలు కొనేటప్పుడు బిల్లు, దిగుమతి కాగితాలు అడగండి. మన సముద్రాల్లోని దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. వాటిని తీయడం, అమ్మడం నేరం. లక్షద్వీప్ నుంచి తెచ్చాం అని షాపులో గొప్పగా చెబితే వెనక్కి తిరిగి వచ్చేయండి. క్లౌన్ చేపలైతే హేచరీలో పుట్టినవే దొరుకుతాయి.

జూలై రాగానే లెక్క మారుతుంది. గాలిలో తేమ పెరిగి ఫ్యాను ప్రభావం తగ్గుతుంది, ఐదు లీటర్లు ఆవిరైన చోట ఒకటి రెండే పోతాయి. ఎండ తగ్గింది కాబట్టి చల్లదనానికి అంత ఇబ్బంది ఉండదు. తేట పోసే చోటు మాత్రం కరువవుతుంది, పగడాల ఆకలి అలాగే ఉంటుంది. అప్పుడు కాల్షియం క్లోరైడ్ ద్రావణాన్ని, సోడియం బైకార్బొనేట్ ద్రావణాన్ని వేర్వేరుగా, ఒకదాని తర్వాత ఒకటి కొంత ఆగి పోస్తారు. రెండూ ఒకేసారి ఒకేచోట పోస్తే పగడానికి అందకముందే తెల్లటి పొడిగా మారి అడుగుకు దిగిపోతాయి.