డేటాబేస్ డిస్క్‌ను ఎందుకు వదల్లేకపోతోంది

డేటాబేస్‌లోని డేటా మొత్తం మెమరీ (ర్యామ్)లోనే పెట్టేస్తే గొడవే ఉండదు కదా అన్న ఆలోచన ఈనాటిది కాదు. 1984లోనే డేవిడ్ డివిట్ బృందం దీని మీద పరిశోధన పత్రం వెలువరించింది. అప్పట్లో అడ్డుపడింది ధర. మెమరీకయ్యే ఖర్చునీ, డిస్క్ నుంచి చదవడానికయ్యే ఖర్చునీ పోల్చి 1987లో జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జోలు ఒక లెక్క తేల్చారు: ఐదు నిమిషాల్లోపు మళ్లీ అవసరపడే డేటా అయితే మెమరీలో ఉంచుకోవడమే లాభం.

తర్వాత మెమరీ చవకైంది. అయినా చిక్కు తీరలేదు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ డిస్క్ నెమ్మదితనం చుట్టూనే పెరిగింది మరి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌లో కావలసిన చోటు డేటాను చదివే హెడ్ కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోగా ప్రాసెసర్ లక్షల ఇన్‌స్ట్రక్షన్లు (ఆదేశాలు) పూర్తిచేస్తుంది. అందుకే డిస్క్ జోలికి వీలైనంత తక్కువ వెళ్లేలా బీ-ట్రీలు (కొద్దిసార్లే డిస్క్ చదివి డేటాను వెతికిపెట్టే సూచికలు), బఫర్ పూల్ (డిస్క్‌లోని డేటాను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ) వచ్చాయి. 2008లో మైఖేల్ స్టోన్‌బ్రేకర్, సహచరులు షోర్ అనే డేటాబేస్‌లో డేటా అంతా మెమరీలో ఉంచి, ఒక్కో లావాదేవీకి ఇన్‌స్ట్రక్షన్లు ఎటు పోతున్నాయో లెక్కపెట్టారు. అసలు పనికి పదో వంతు కూడా పోవడం లేదు! మిగతాదంతా బఫర్ నిర్వహణ, లాకింగ్ (ఒకే డేటాను ఒకేసారి ఇద్దరు మార్చకుండా ఆపడం), లాగింగ్ (ప్రతి మార్పునూ లాగ్ అనే చిట్టాలో రాయడం) వగైరా.

వీటిలో లాగ్‌ను తీసేయడం మాత్రం కష్టం. కరెంటు పోతే ర్యామ్ ఖాళీ అయిపోతుంది. అందుకే టైమ్స్‌టెన్, శాప్ హానా లాంటి ‘ఇన్-మెమరీ’ డేటాబేస్‌లూ డిస్క్‌లోనో, ఫ్లాష్ చిప్‌లతో చేసిన ఎస్ఎస్‌డీలోనో లాగ్ రాసుకుంటాయి. రెడిస్ అనే మరో ఇన్-మెమరీ డేటాబేస్‌లో లాగ్‌ను సెకనుకోసారి డిస్క్‌కు చేర్చే సెట్టింగ్ ఉంది. సర్వర్ హఠాత్తుగా ఆగితే ఆఖరి సెకను డేటా పోవచ్చు. షాపింగ్ కార్ట్‌కైతే ఫర్వాలేదు, బ్యాంకు ఖాతాకు కుదరదు.

ఈ ముడి విప్పుతుందని నిజంగా ఆశ పుట్టించింది ఆప్టేన్ అనే కొత్తరకం మెమరీ. ఇంటెల్, మైక్రాన్ 2015లో ప్రకటించిన 3డీ క్రాస్‌పాయింట్ టెక్నాలజీతో చేసినది. 2019లో మెమరీ స్లాట్‌లోనే పెట్టుకునే మాడ్యూళ్లు వచ్చాయి. కరెంటు పోయినా డేటా నిలుస్తుంది, బైట్ల లెక్కన చదవొచ్చు, రాయొచ్చు. హానా కూడా దాన్ని వాడుకుంది. కానీ గిరాకీ రాలేదు. 2021లో మైక్రాన్ తప్పుకుంది. 2022 జులైలో ఇంటెల్ కూడా 55.9 కోట్ల డాలర్ల సరుకు నిల్వల విలువను నష్టం కింద రాసుకుని ఆప్టేన్ దుకాణం మూసేసింది. నా దృష్టిలో ఇది సాంకేతిక వైఫల్యం కంటే ధర ముందు ఓటమే. ఫ్లాష్ అప్పటికే చాలా చవకైంది. చెరపాలంటే మాత్రం బ్లాకు బ్లాకంతా చెరపాల్సిందే కాబట్టి ఫ్లాష్‌ను మెమరీ అనలేం, వేగం పెరిగిన డిస్క్ అనాలి. డేటాబేస్‌ల లాగ్‌లు ఇప్పుడు ఎక్కువగా వాలుతున్నది దాని మీదే.