అక్షరం మారకుండానే దారి తప్పే కాలేయ కణం

కాన్సర్ అనగానే డిఎన్ఏలో అక్షరం తప్పు పడిందని అనుకుంటాం. కాలేయ కాన్సర్‌లో అలాంటి తప్పులకు కొదవేమీ లేదు. బూజు పట్టిన గింజల్లో ఉండే అఫ్లటాక్సిన్ అనే విషం, కణాన్ని కాపాడే టిపి53 జన్యువులో 249వ కోడాన్ (మూడక్షరాల మాట) దగ్గర ‘జి’ని ‘టి’గా మార్చేస్తుంది. ఆ విషం ఎక్కువగా ఒంట్లోకి చేరే ప్రాంతాల్లో, కణితిలో ఈ మార్పు కనబడితే కారణం ఏమిటో దాదాపు చెప్పేయొచ్చు.

అయితే ఈ కాన్సర్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మార్పు ప్రోటీన్‌ను చెడగొట్టేది కాదు. అది టెర్ట్ జన్యువుకు స్విచ్ లాంటి ప్రమోటర్ భాగంలో, ప్రోటీన్ సమాచారం మొదలయ్యే చోటికి 124 అక్షరాల ముందు ఉంటుంది. సగానికి పైగా కణితుల్లో ఆ స్విచ్ చెడి, ఆన్‌లోనే ఉండిపోతుంది. క్రోమోజోమ్ చివరలను మళ్లీ పొడిగించే ఎంజైమ్ టెలోమరేజ్; దాని ముఖ్య భాగాన్ని తయారుచేసేది టెర్ట్ జన్యువే. పెద్దవాళ్ల కాలేయ కణాల్లో టెలోమరేజ్ దాదాపు ఆగిపోయి ఉంటుంది కాబట్టి, విభజన జరిగిన ప్రతిసారీ క్రోమోజోమ్ చివరలు అరుగుతూ వస్తాయి. అలా అరగడమే కణానికి బ్రేకు. టెర్ట్ మళ్లీ మేల్కొంటే ఆ బ్రేకు పోతుంది. హెపటైటిస్ బి వైరస్‌ది ఇంకో దారి: తన డిఎన్ఏ ముక్కను కొన్నిసార్లు సరిగ్గా ఈ జన్యువు పక్కనే దూరుస్తుంది.

అసలు అక్షరమే మారకుండా జరిగే మార్పులు నాకు మరీ ఆసక్తిగా అనిపిస్తాయి. డిఎన్ఏ మీద అంటుకునే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు ఏ జన్యువు పని చేయాలో, ఏది ఊరుకోవాలో నిర్ణయించడంలో సాయపడతాయి. కాలేయ కణితిలో ఇది తలకిందులవుతుంది. జన్యురాశి మొత్తంగా ఈ గుర్తులు తగ్గిపోతాయి, దాంతో క్రోమోజోమ్‌ల నిలకడ దెబ్బ తింటుంది. అదే సమయంలో కణ విభజనను ఆపాల్సిన పి16 లాంటి జన్యువుల ప్రమోటర్ల మీద అవే గుర్తులు పేరుకుపోయి వాటి నోరు నొక్కేస్తాయి.

1980లలో ఎలుకలకు కోలిన్ లేని ఆహారం పెడితే, ఏ కాన్సర్ కారకమూ ఇవ్వకుండానే వాటి కాలేయంలో కణితులు వచ్చాయి. శరీరంలో మిథైల్ గుర్తులకు ముడిసరుకు అందించే పోషకాల్లో కోలిన్ ఒకటి. అలాగని నేరమంతా మిథైల్ కొరత మీద వేయలేం. ఆ ఎలుకల కాలేయంలో కొవ్వు చేరింది, కణాలు చస్తూ మళ్లీ పుడుతూ వచ్చాయి. ఈ చావుపుట్టుకల గొడవ కూడా కాన్సర్‌కు నేల సిద్ధం చేస్తుంది. మనుషుల్లో సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటం) చేసేది కూడా ఇదే.

హెపటైటిస్ సి సంగతి మరో చిక్కు. ఇప్పటి మందులతో ఆ వైరస్ చాలామందిలో పూర్తిగా పోతుంది, కాన్సర్ ముప్పు కూడా బాగా తగ్గుతుంది. కానీ డిఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద వైరస్ తెచ్చిన మార్పులు కొన్ని చికిత్స తర్వాత కూడా మిగిలిపోతున్నాయని 2019లో వచ్చిన పరిశోధనలు చూపాయి. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో వైరస్ పోయాక కూడా ముప్పు పూర్తిగా పోదు కాబట్టి, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకోమంటారు.