గొల్యాతు మన స్లాబును తాకేంత పొడుగు: ఇంట్లో బైబిల్ కథలపై అపోహలు, వాస్తవాలు

సికింద్రాబాద్‌లో సండే స్కూల్ చెప్పడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు వస్తారు, వారానికి ఒక్క గంట. మిగతా వారమంతా వాళ్లు ఇంట్లోనే ఉంటారు. అందుకే తల్లిదండ్రులను "కథ మీరూ చెప్పండి" అని అడుగుతుంటాను. అప్పుడు వాళ్లు చెప్పే అభ్యంతరాలే ఇవి.

అపోహ: "మాకంత బైబిల్ వాక్యం తెలియదు, అది పాస్టరుగారి పని."

వాస్తవం: ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం తీయండి. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమని ఉంది. ఇవన్నీ అమ్మానాన్నలు పిల్లల పక్కన ఉండే సమయాలే. అధ్యాయం రాత్రి ఒకసారి చదువుకోండి, పొద్దున స్కూల్‌కి దించేటప్పుడు మీ మాటల్లో చెప్పండి.

అపోహ: "బైబిల్ తెలుగు పిల్లలకు ఎక్కదు, ఇంగ్లిష్‌లో చెప్పడమే నయం."

వాస్తవం: వాక్యాలు పాతకాలపు తెలుగులో ఉన్నాయి, నిజమే. అవి పెద్దవాళ్లకే తడబాటు. వాటిని ఇంటి తెలుగులోకి మార్చి చెప్పండి, తప్పేమీ లేదు. కానీ అందులోని కొన్ని మాటలను మాత్రం వదలకండి. దావీదుతో తలపడిన యోధుడు గొల్యాతు ఎత్తు ఆరు మూరల జేనెడు అని ఉంది. మూర అంటే ఏంటో మోండా మార్కెట్ దగ్గర మల్లెపూలు అమ్మే అమ్మ చెయ్యి చాపితే మన పిల్లలకు తెలిసిపోతుంది. మోచేతి నుంచి వేలి కొస వరకు, పెద్దవాళ్ల చేతితో దాదాపు అడుగున్నర.

పోయిన నెల ఒక ఇంట్లో ఇదే కథ చెబుతూ తాతగారిని చెయ్యి పెట్టమన్నాను. ఆయన హాల్లో నేల మీద ఆరు మూరలు కొలిచి, చివర జేన కలిపారు. పిల్లాడు చాక్‌పీస్‌తో గీత గీశాడు. టేపు పెడితే తొమ్మిది అడుగుల తొమ్మిది అంగుళాలు వచ్చింది. వాళ్ల ఫ్లాట్ స్లాబు పదడుగులు. పిల్లాడు ఆ గీత పక్కన పడుకుని, తల తిప్పి పైకి చూశాడు. "అయితే ఫ్యాన్ తగులుతుంది కదా తాతా!" అన్నాడు. తర్వాత తాతగారు కండువా మడిచి, చిన్నప్పుడు జొన్న చేలో పిట్టలను తోలిన వడిసెల ఎలా తిప్పేవారో చూపించారు. దావీదు చేతిలో ఉన్నదీ వడిసెలే. ఏరుకున్నది అయిదు నున్నని రాళ్లు. ఆ రోజు నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

పేద విధవరాలు రూతు పరిగె ఏరుకున్న సంగతి చెప్పేటప్పుడు కూడా అంతే. కోత అయ్యాక చేలో రాలిన వెన్నులను పేదవాళ్లు ఏరుకోవడాన్ని కళ్లారా చూసిన అమ్మమ్మ ఇంట్లో ఉంటే, ఆ కథ ఆమెకే వదిలేయండి.

అపోహ: "ఫోన్‌లో యానిమేషన్ ఉందిగా."

వాస్తవం: చూడనివ్వండి. కానీ వీడియోకు ఊ కొట్టాల్సిన పని లేదు. బుర్రకథకు వంతలెలాగో ఇంటి కథకు ఊ కొట్టేవాళ్లు అలాగ. పిల్లలు ఊ కొట్టడం ఆపారంటే ఎక్కడో తెగిందని మనకు తెలుస్తుంది, వెనక్కి వెళ్లి మళ్లీ చెబుతాం. బొమ్మలే కావాలంటే ఒకసారి మెదక్ చర్చికి తీసుకెళ్లండి, దాదాపు వంద కిలోమీటర్లు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ చర్చిలో రంగుటద్దాల కిటికీల మీద యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం ఉన్నాయి. వెలుతురు ఉండగానే చేరుకోండి, చీకటి పడితే ఆ రంగులు కనిపించవు.

అపోహ: "పసి యేసును చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురు, ఏదెను తోటలో ఆదాము హవ్వలు తిన్నది ఆపిల్. ఇవి అందరికీ తెలిసినవే."

వాస్తవం: మత్తయి సువార్తలో జ్ఞానులు ఎందరో లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలు మాత్రం ఉన్నాయి. ఆదికాండంలో పండు పేరే లేదు. క్రిస్మస్ నాటకంలో ముగ్గురిని నిలబెట్టడం తప్పని కాదు, కానీ చెప్పే ముందు ఒకసారి అధ్యాయం చూసుకోండి. పిల్లలు పెద్దయ్యాక తామే చదువుకుంటారు.

అపోహ: "కొంచెం భయం పెడితేనే భక్తి వస్తుంది."

వాస్తవం: అన్నం తినకపోతే దేవుడు కొడతాడని దయచేసి అనకండి. ఆ మాట విన్న పిల్లలు ప్రార్థనకు కళ్లు మూసుకోవడానికే జంకడం నేను చూశాను. సిలువ గురించి నాలుగేళ్ల వాళ్లకు రెండు ముక్కల్లో చెప్పి, యేసు తిరిగి లేచిన ఆదివారం ఉదయం ఖాళీగా ఉన్న సమాధి దాకా అదే పూట తీసుకెళ్లండి. కథను సిలువ వేసిన శుక్రవారం దగ్గర ఆపి నిద్రపుచ్చకండి.

అపోహ: "చివర నీతి చెప్పకపోతే కథ చెప్పి లాభమేంటి?"

వాస్తవం: నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. "దీని నుంచి ఏం నేర్చుకున్నాం?" అని అడిగితే ఏ కథకైనా "దేవునికి లోబడాలి టీచర్" అని ఒకే జవాబు, ఒకే రాగంలో వచ్చేది. ఒక ఆదివారం నూరు గొర్రెల్లో తప్పిపోయిన ఒక్క గొర్రె కథ చెప్పి, కాపరి దాన్ని భుజాల మీద వేసుకుని ఇంటికి వచ్చాడని ఊరుకున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆరేళ్ల పాప, "మరి మిగతా తొంభై తొమ్మిదిని ఎవరు చూసుకున్నారు?" అని అడిగింది. కథలో ఆ సంగతి లేదని ఉన్నమాట చెప్పాను.

మరుసటి వారం పరుగెత్తుకుంటూ వచ్చింది. "నాన్నను అడిగాను టీచర్. పక్క కాపరికి అప్పగించి వెళ్లుంటాడంట. రాత్రి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు." ఆ నాన్న అంతకుముందెప్పుడూ పాపకు కథ చెప్పలేదట. ఈమధ్య రోజూ పడుకునే ముందు ఒకటి చెబుతున్నాడని వాళ్లమ్మ చెప్పింది.