అమెరికా కౌంటీ రికార్డుల్లో మనిషిని వెతకడం: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో ఉమ్మడి స్థలం పంచుకోవాలి, డాలస్ వైపు ఉన్న వాటాదారు సంతకం కావాలి, ఆయన పాత ఫోన్ నంబరు పనిచేయడం లేదు. లేదా అద్దెకు ఇల్లు చూపించిన మనిషి అసలు ఓనరేనా అన్నది డిపాజిట్ కట్టేలోపు తేలాలి. ఇలాంటి అవసరం మీద కౌంటీ (మన జిల్లా లాంటిది) వెబ్‌సైట్ తెరిచినవాళ్లు అరగంటలో విసిగిపోయి డబ్బు తీసుకునే సైట్లకు పోతుంటారు. ఆ విసుగు చాలావరకు కింది అపోహల వల్లే. ఉదాహరణలు ఎక్కువగా టెక్సస్‌వి. రాష్ట్రం మారితే చట్టమూ మారుతుంది.

అపోహ: ఎవరు ఎక్కడ ఉంటున్నారో ప్రభుత్వం దగ్గర ఒక లిస్టు ఉంటుంది, అది అడిగితే చాలు.

అలాంటి లిస్టు లేదు. సెన్సస్‌లో పేర్లున్న కాగితాలు 72 ఏళ్లు మూతపడి ఉంటాయి. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో తెరిచారు. డ్రైవింగ్ లైసెన్సు చిరునామాలు 1994 ఫెడరల్ చట్టంతో బందయ్యాయి. 1989లో ఒక నటి చిరునామా కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ నుంచి బయటికొచ్చి, వెంటపడుతున్నవాడి చేతిలో ఆమె హత్య జరిగింది. ఆ చట్టం వెనక ఆ సంగతి ఉంది. ఓటరు లిస్టు ఫ్లోరిడాలో దాదాపు ఎవరికైనా ఇస్తారు, టెక్సస్‌లో వ్యాపార ప్రచారానికి వాడనని అఫిడవిట్ రాసివ్వాలి, కాలిఫోర్నియాలో ఎన్నికలు, పరిశోధన, పత్రికల వంటి పనులకే. ఎలాగూ హెచ్1బీ మీదా, గ్రీన్‌కార్డు మీదా ఉన్న మనవాళ్లు ఓటర్లు కారు, అందులో దొరకరు.

మిగిలేవి లావాదేవీల రికార్డులు. ఇల్లు కొంటే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లోనూ (పన్ను కోసం ఆస్తులకు విలువ కట్టే ఆఫీసు), దస్తావేజులు రికార్డు చేసే కౌంటీ క్లర్క్ దగ్గరా, పెళ్లి లైసెన్సు తీసుకుంటే కౌంటీ క్లర్క్ దగ్గర, విడాకులైతే డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర, అద్దె గొడవ కోర్టుకెక్కితే జస్టిస్ ఆఫ్ ది పీస్ (చిన్న కేసులు చూసే జడ్జి) దగ్గర పేరు పడుతుంది. ఏ గడపా తొక్కకుండా పదేళ్లు అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవాడి జాడ కౌంటీలో ఉండదు.

అపోహ: ఫ్రిస్కోలో ఉంటున్నాడంటే ఫ్రిస్కో సిటీ ఆఫీసులో అడగాలి.

సిటీ దగ్గర బిల్డింగ్ పర్మిట్లు, ఇళ్ల నిబంధనలు (కోడ్) పాటించలేదన్న ఫిర్యాదుల్లాంటివే ఉంటాయి. ఇంటి కాగితాలు కౌంటీవి. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఉంది, డాలస్ సిటీ అయిదు కౌంటీల్లోకి పాకింది. కవరు మీద రాసే ఊరి పేరు తపాలా వాళ్ల సౌకర్యం కోసం పెట్టింది, దాన్ని బట్టి కౌంటీ తేలదు. రెండు కౌంటీల సైట్లలోనూ వెతకండి. కనెక్టికట్‌లో కౌంటీ ప్రభుత్వాలను 1960లోనే ఎత్తేశారు. అక్కడ భూమి కాగితాలు టౌన్ క్లర్క్ దగ్గరుంటాయి.

అపోహ: పేరు కొడితే మనిషి వస్తాడు.

తెలుగు పేర్ల దగ్గర అందరూ తడబడేది ఇక్కడే. మన దగ్గర ఈసీ తీయాలంటే ఆస్తి వివరాలో దస్తావేజు నంబరో ఇస్తాం. ఇక్కడ కౌంటీ క్లర్క్ ఇండెక్స్‌కు పేరే ఆధారం: ఇచ్చినవారు గ్రాంటర్, పుచ్చుకున్నవారు గ్రాంటీ. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా దస్తావేజు కనపడదు.

అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్లలో సాధారణంగా ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, ఆ వెనక భార్య లేదా భర్త పేరు. అయితే పాస్‌పోర్టులో ఏది సర్‌నేమ్ గడిలో పడిందో అదే ఇక్కడ ఇంటిపేరు. అసలు ఇంటిపేరు ఇనీషియల్‌గా మిగిలి, సత్యనారాయణ సర్‌నేమ్ అయిపోయిన వాళ్లు బోలెడు. పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉంటే వీసాలో పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వేసి, ఉన్న పేరంతా సర్‌నేమ్‌లోకి తోస్తారు. కొందరి దస్తావేజుల్లోనూ అదే దిగబడింది. లక్ష్మిని కొందరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు, కొందరు ఒక్క ఎక్స్‌తో. సుజాత చివర టీ ఉంటుంది, టీహెచ్ ఉంటుంది. చౌదరి మధ్యలో డబ్ల్యూ లేదా యూ, చివర వై లేదా ఐ.

అందుకే పేరంతా కొట్టొద్దు. తేడా రాని మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టి, వచ్చిన వరసను కళ్లతో చూడండి. తర్వాత పేరునూ ఇంటిపేరునూ తారుమారు చేసి మళ్లీ. రెడ్డి, రావు లాంటివి సర్‌నేమ్ అయితే వందల్లో వస్తాయి. అప్పుడు జీవిత భాగస్వామి పేరుతో వెతకడమే మేలు. టెక్సస్‌లో కాపురమున్న ఇంటిని అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా భార్యాభర్తలిద్దరి సంతకాలూ కావాలి కాబట్టి డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లో (ఇంటి తాకట్టు పత్రం) రెండో పేరు దాదాపు ఖాయంగా ఉంటుంది.

దొరికిన దస్తావేజును నిదానంగా చదవండి. తలకట్టులో సోషల్ సెక్యూరిటీ నంబరు కొట్టేయించుకోవచ్చని నోటీసు. దాని కింద తేదీ, గ్రాంటర్, గ్రాంటీ, ఆ పక్కనే గ్రాంటీ మెయిలింగ్ అడ్రస్. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ ప్రకారం ఆ అడ్రస్ లేకుండా రికార్డు చేయించాలంటే జరిమానా ఫీజు కట్టాలి, అందుకే ఎవరూ వదలరు. చివర నోటరీ ముందు సంతకం చేసిన కౌంటీ పేరు ఉంటుంది. అది వేరే రాష్ట్రానిదైతే సంతకం పెట్టిన గ్రాంటర్ సాధారణంగా ఆనాటికి అక్కడున్నాడన్నమాట. అదే ఇంటి అమ్మకపు డీడ్‌లో ఆ పేరు తర్వాతి తేదీతో గ్రాంటర్ వైపు కనిపిస్తే ఆ ఇల్లు అమ్మేశాడు (తాకట్టు పత్రంలో అప్పు తీసుకున్నవాడూ గ్రాంటరే, అది అమ్మకం కాదు). పాత చిరునామా పట్టుకుని తిరగక్కర్లేదు.

అపోహ: రికార్డులో ఏ ఇల్లుంటే ఆ ఇంట్లోనే ఉంటాడు.

అప్రైజల్ పేజీలో రెండు చిరునామాలుంటాయి: ఆస్తి ఉన్న చోటు, టాక్స్ బిల్లు వెళ్లే చోటు. రెండూ ఒకటై, పక్కన హోమ్‌స్టెడ్ మినహాయింపు (కాపురమున్న సొంతింటికి ఇచ్చే పన్ను తగ్గింపు) కూడా ఉంటే ఆయన అక్కడే కాపురమున్నట్టు చెప్పుకున్నాడని అర్థం. రెండూ వేరైతే మీకు కావలసింది రెండోది. ఓనరు పేరు అక్కడ వెంటనే మారకపోవచ్చు. మొన్న అమ్మిన ఇల్లు ఇంకా పాత పేరు మీదే కనిపించొచ్చు. ఓనరు గడిలో ఎల్ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) ఉంటే టెక్సస్ కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నుల అధికారి) సైట్‌లో ఆ కంపెనీ పేరు ఉచితంగా వెతికి రిజిస్టర్డ్ ఏజెంట్‌ను (కంపెనీ తరఫున కోర్టు నోటీసులు అందుకునేవారు) చూడొచ్చు. సెక్రటరీ ఆఫ్ స్టేట్ సైట్‌లో అయితే వెతికినప్పుడల్లా ఒక డాలరు.

అద్దె మోసాల విషయంలో ఒక హెచ్చరిక. ఓనరు పేరు రికార్డుతో సరిపోయింది కదా అని డిపాజిట్ పంపకండి. ఆ పేజీ మోసగాడికీ తెరిచే ఉంది. అక్కడి పేరే పెట్టుకుని మాట్లాడతాడు. తాళం తీసి ఇల్లు లోపల చూపించి, గుర్తింపు కార్డు చూపించాకే డబ్బు.

అపోహ: ఆన్‌లైన్‌లో లేదంటే రికార్డే లేదు.

లాస్ ఏంజిలస్ కౌంటీ అసెసర్ (ఆస్తులకు విలువ కట్టే అధికారి) సైట్‌లో ఓనరు పేరు చూపించరు. పేరు కావాలంటే ఆఫీసుకు వెళ్లాలి. టెక్సస్‌లో పోలీసులు, జడ్జీల వంటివారు తమ ఇంటి చిరునామా దాచమని కోరవచ్చు. అక్కడే జనన రికార్డు 75 ఏళ్లు, మరణ రికార్డు 25 ఏళ్లు అందరికీ తెరవరు.

అపోహ: పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ (మన సమాచార హక్కు చట్టం లాంటి టెక్సస్ చట్టం) కింద అడిగితే పది రోజుల్లో చిరునామా వెతికి పెడతారు.

ఆ చట్టం కింద ఉన్న కాగితం ఇస్తారు, మీ ప్రశ్నకు జవాబు వెతికిపెట్టరు. 'ఫలానా వ్యక్తి ఎక్కడున్నాడు' అని రాస్తే తిరిగొస్తుంది. 'ఫలానా చిరునామాకు 2019 నుంచి ఇచ్చిన బిల్డింగ్ పర్మిట్లు' అని రాస్తే పని అవుతుంది. పది పనిదినాల్లో ఇవ్వలేకపోతే ఎప్పుడిస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. కోర్టు ఫైళ్లు ఈ చట్టం కిందికి రావు. వాటికి క్లర్క్‌నే అడగాలి.

కౌంటీ క్లర్క్ దగ్గర కాపీ పేజీకి ఒక డాలరు, సర్టిఫై చేయడానికి అదనంగా అయిదు. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లకు ప్రభుత్వ నోటీసులా కనిపించే ఉత్తరాలు వస్తాయి, అదే డీడ్ కాపీకి పదుల డాలర్లు కట్టమంటూ. చించి పారేయండి. డబ్బు తీసుకునే వెతుకుడు సైట్ల రిపోర్టు చూసి అద్దెకివ్వాలా, ఉద్యోగమివ్వాలా అని నిర్ణయిస్తే 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ (ఇలాంటి నిర్ణయాలకు వాడే రిపోర్టుల మీద షరతులు పెట్టే చట్టం) చిక్కు కూడా ఉంది.

అపోహ: చిరునామా దొరికింది, ఇక తలుపు కొట్టడమే.

కొట్టకండి. ఇష్టం లేదన్న మనిషి వెంట పడితే రికార్డు పబ్లిక్‌దన్న వాదన నిలవదు. ఉత్తరం రాయండి. ఫస్ట్ క్లాస్ కవరు మీద మీ చిరునామా కింద 'రిటర్న్ సర్వీస్ రిక్వెస్టెడ్' అని ఇంగ్లీషులో రాయండి. మనిషి ఇల్లు మారిపోయి తపాలా ఆఫీసులో కొత్త చిరునామా ఇచ్చి ఉంటే, ఆ కవరు పసుపు స్టిక్కర్ మీద కొత్త చిరునామాతో మీకే తిరిగొస్తుంది, అదనపు ఖర్చు లేకుండా.