వేడికి గట్టిపడే మందు

"మాత్ర మింగితే తగ్గే దానికి లోపల పెట్టుకునే జెల్ ఎందుకు రాశారు?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఆవిడకి వచ్చింది బాక్టీరియల్ వేజినోసిస్. తెల్లబట్ట పల్చగా, బూడిదరంగులో, చేపవాసనతో అవుతుంది. శుభ్రత లేకపోవడం వల్ల వచ్చే జబ్బు కాదిది. పైగా సబ్బునీళ్లతో లోపల కడిగితే అక్కడ ఆమ్లాన్ని తయారుచేసి కాపలా కాసే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా దెబ్బతిని, పరిస్థితి ఇంకా చెడుతుంది.

ఈ జబ్బుకి వాడే యాంటీబయాటిక్ మెట్రోనిడజోల్. దాన్ని మాత్రగా మింగితే మందు ఒళ్లంతా తిరిగి అక్కడికి చేరాలి. 0.75 శాతం జెల్‌గా యోనిలో పెడితే రక్తంలో దాని గరిష్ఠ స్థాయి, 500 మిల్లీగ్రాముల మాత్రతో వచ్చే దానిలో దాదాపు 2 శాతమే. జెల్ వాడితే మందు ఉండాల్సిన చోటే ఉంటుంది.

చిక్కంతా ఆ ఉండటంలోనే. యోని తనను తాను శుభ్రం చేసుకుంటుంది; స్రావాలు ఎప్పుడూ కిందికి వస్తుంటాయి. పల్చటి మందు జారిపోతుంది, గట్టి మందు ముడతల్లోకి పాకదు. వెళ్లేటప్పుడు నీళ్లలా ఉండి, వెళ్లాక గట్టిపడే పదార్థం కావాలి.

అలాంటిదే పోలోక్సమర్ 407 అనే పాలిమర్, అంటే పొడవాటి గొలుసు అణువుల పదార్థం. నీళ్లలో 18 నుంచి 20 శాతం కలిపితే ఫ్రిజ్ చలిలో ధారగా కారుతుంది, ఒంటి వేడికి గడ్డకడుతుంది. మైనం వేడికి కరుగుతుంది కదా, ఇది దానికి సరిగ్గా తలకిందులు!

దీని అణువు మూడు ముక్కల గొలుసు. రెండు కొసలూ పాలీ ఇథిలీన్ ఆక్సైడ్, ఒక్కోటి సుమారు 100 యూనిట్లు. వీటికి నీళ్లంటే ఇష్టం. నడుమ పాలీ ప్రొపిలీన్ ఆక్సైడ్, సుమారు 56 యూనిట్లు. దానికి నీళ్లు పెద్దగా పడవు. చల్లగా ఉన్నప్పుడు నీటి అణువులు ఆ నడుము చుట్టూ హైడ్రోజన్ బంధాలతో వరసగా అల్లుకుని దాన్నీ కరిగించి ఉంచుతాయి. వేడెక్కేకొద్దీ నీటికి ఆ కట్టుబాటు భారమవుతుంది. అణువులు విడిపోయి స్వేచ్ఛగా తిరుగుతాయి, ఎంట్రోపీ, అంటే అణువుల చిందరవందర, పెరుగుతుంది. నీటి తోడు పోయిన నడుములు ఒకచోట ముడుచుకుంటాయి, కొసలు బయటికి చాచుకుంటాయి. దీన్నే మైసెల్ అంటారు.

కడిమి పువ్వు చూశారా? మధ్యలో గట్టి బంతి, చుట్టూ అన్నివైపులా పొడుచుకొచ్చిన కేసరాలు. మైసెల్ అచ్చం అలాగే ఉంటుంది. బుట్టలో నాలుగు పువ్వులుంటే దొర్లుతాయి. క్రిక్కిరిసేలా నింపితే కేసరాలు ఒకదాన్నొకటి నెట్టుకుని ఏ పువ్వూ కదలలేదు. అదే జెల్. ఇక్కడ అణువుల మధ్య కొత్త రసాయన బంధం ఒక్కటీ ఏర్పడలేదు, కేవలం కిక్కిరింపే! చల్లబరిస్తే పువ్వులే విడిపోతాయి కాబట్టి మళ్లీ ద్రవం. మందు అణువులు పువ్వుల మధ్య సందుల్లోని నీటిలో ఉంటాయి, మెలికలు తిరుగుతూ మెల్లగా బయటికొస్తాయి. బలహీనత కూడా ఈ బుట్టలోనే ఉంది: ఒంటి స్రావాలు వచ్చి చేరితే పువ్వులు ఎడమై, జెల్ అంచుల నుంచి కరుగుతుంది. అందుకే తోడుగా మరో పాలిమర్ కలుపుతారు.

2021 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన 2 శాతం క్లిండమైసిన్ (మరో యాంటీబయాటిక్) జెల్‌లో పోలోక్సమర్ 407తో పాటు అలాంటి తోడు పాలిమర్ జాంథన్ గమ్ ఉంది. ఒక్కసారి 5 గ్రాములు, అంటే 100 మిల్లీగ్రాముల మందు పెడితే చాలు. పైన చెప్పిన 0.75 శాతం మెట్రోనిడజోల్ జెల్‌ని 5 రోజులు వాడాలి. ఎంతసేపు నిలిచి ఉంటుందన్నది మందులో సగం పని అని నేననేది ఇందుకే.

అయినా ఈ జబ్బు మొండిది. ఈ జబ్బులో పెరిగే గార్డ్‌నెరెల్లా బాక్టీరియా యోని గోడకి జిగురు పొరలా, బయోఫిల్మ్‌గా అతుక్కుంటుంది; మందు పైపొరనే తాకితే అడుగున ఉన్నవి మిగిలిపోతాయి. బయటి నుంచి తిరిగొచ్చేవీ ఉన్నాయి. 2025లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, స్త్రీకి మాత్రమే చికిత్స చేసిన జంటల్లో 12 వారాల్లోపు 63 శాతం మందికి తిరగబెట్టింది. భర్తకో సహచరుడికో కూడా 7 రోజులు మాత్రలు, పురుషాంగం చర్మానికి క్లిండమైసిన్ క్రీమ్ ఇచ్చినప్పుడు అది 35 శాతానికి తగ్గింది. ఉత్తరం రాసిన పాఠకురాలు తన డాక్టరుని ఈసారి సహచరుడి చికిత్స సంగతి కూడా అడగాలి.