ముడి విప్పితే డీజిల్

కాశీబుగ్గ నుంచి డిగ్రీ చదువుతున్న ఓ అబ్బాయి అడిగాడు: "మాస్టారూ, మా దగ్గర జీడి ఫ్యాక్టరీల్లో తొక్కలు గుట్టలుగా పడుంటాయి. వాటిని ఆడిస్తే నూనె వస్తాది. బజ్జీల బండ్ల దగ్గర మాడిన నూనె కూడా రోజూ మిగుల్తాది. ఈ రెండిటితోటీ బయోడీజిల్ చేసి ట్రాక్టరు నడపలేమా?"

చాలా మంచి ప్రశ్న. రెండు నూనెల్నీ పక్కపక్కన పెట్టి అడగడంతో మరీ మంచి ప్రశ్న అయింది. బజ్జీల నూనెకి జవాబు అవును, జీడి తొక్క నూనెకి కాదు. ఆ తేడా ఎక్కడుందో పట్టుకుంటే బయోడీజిల్ సంగతి దాదాపు తెలిసిపోయినట్టే.

చమురు ధరలు, దిగుమతులు, భూతాపం గురించి రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. వాటిని పక్కన పెడతాను. నన్ను పట్టి లాగేది నూనె అణువు ఆకారం.

ముందు ఒక పాత సంగతి. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఓట్టో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజన్ని వేరుశెనగ నూనెతో నడిపి చూపించింది. ఇంజన్లో ఏ మార్పూ చెయ్యలేదు. ఈ విషయాన్ని తర్వాత, 1912లో, రుడాల్ఫ్ డీజిల్ స్వయంగా చెప్పాడు. అంటే డీజిల్ ఇంజన్‌కి వంటనూనె కొత్త చుట్టమేమీ కాదు. మరి ఇవాళ మన వేరుశెనగ నూనె తెచ్చి ట్రాక్టరు ట్యాంకులో పోస్తే ఏమవుతుంది? ఇంజన్ స్టార్టవుతుంది. నడుస్తుంది కూడా. "చూశారా, ఏం కాలేదు" అని వీడియో తీసి పెట్టేవాళ్ళు అక్కడితో ఆపేస్తారు. ఇబ్బంది ఆ తర్వాత, మెల్లగా మొదలవుతుంది.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని పదహారో వంతుకో ఇరవయ్యో వంతుకో నొక్కితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి ఇంజెక్టరు సన్నని రంధ్రాల గుండా ఇంధనాన్ని పొగమంచులా చిమ్ముతుంది. ఆ తుంపర ఎంత సన్నగా ఉంటే అంత బాగా మండుతుంది. ఇక్కడే చిక్కదనం అడ్డొస్తుంది. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం). వంటనూనెలది 30 నుంచి 40. దగ్గర దగ్గర పదింతలు. చిక్కటి నూనె సన్నని తుంపర కాలేదు, పెద్ద చుక్కలుగా వెళ్తుంది. పెద్ద చుక్క పైన మండుతుంది, లోపల మాడుతుంది. ఆ మాడు ఇంజెక్టరు మూతి చుట్టూ గట్టి బొగ్గులా పేరుకుంటుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి, కాలని నూనె కిందికి జారి ఇంజన్ ఆయిల్లో కలిసి దాన్ని జిగురు చేస్తుంది.

ఎందుకంత చిక్కదనం? డీజిల్లోనూ నూనెలోనూ ఉన్నవి పొడుగాటి కార్బన్ గొలుసులే. పొడవులోనూ పెద్ద తేడా లేదు. డీజిల్లో గొలుసుకి పది నుంచి ఇరవై కార్బన్లు, నూనెలో ఎక్కువగా పదహారు, పద్దెనిమిది. తేడా అంతా అవి ఎలా ఉన్నాయన్న దాంట్లోనే.

తాటిమట్టల్ని ఊహించుకోండి. ఇంటి కప్పుకి తెచ్చిన మట్టల్ని విడివిడిగా ఇరుకు సందులోంచి లాక్కుపోతే ఒకదాని వెనక ఒకటి జారిపోతాయి. అదే మూడేసి మట్టల్ని మొదట్లో ఒకే ముడితో కట్టి చూడండి. ఆకులు మూడు వైపులా విచ్చుకుంటాయి. ఈ కట్ట ఆ కట్టలో ఇరుక్కుంటుంది, ఒకదాన్ని లాగితే నాలుగు కదుల్తాయి. డీజిల్ విడి మట్టలు, నూనె మూడేసి మట్టల కట్టలు. ఆ ముడి పేరే గ్లిసరిన్, మూడు కార్బన్ల చిన్న ముక్క. ఒక్కో కార్బన్‌కి ఒక్కో కొవ్వు ఆమ్లం తగులుకుని ఉంటుంది. అందుకే దీన్ని ట్రైగ్లిసరైడ్ అంటారు.

ఈ కట్టల్ని సందులోంచి పంపడానికి ఒక పద్ధతి, నూనెని 70, 80 డిగ్రీలకి వేడి చెయ్యడం. అప్పుడు కట్టలు బాగా ఊగుతాయి, ఒకదాన్నుంచి ఒకటి తప్పించుకుంటాయి, చిక్కదనం తగ్గుతుంది. కొన్ని దేశాల్లో రెండు ట్యాంకులు పెట్టి, డీజిల్‌తో స్టార్ట్ చేసి, నూనె వేడెక్కాక దానికి మారుస్తారు. కానీ ముడి ముడిలాగే ఉంటుంది. రెండో పద్ధతి ఆ ముడినే విప్పెయ్యడం. బయోడీజిల్ అంటే అంతే.

విప్పేది మిథనాల్ అనే ఆల్కహాలు. ఒక్కో మిథనాల్ అణువు వచ్చి ఒక మట్టని ముడి నుంచి ఊడదీసి, ఊడిన మొదట్లో తాను కూర్చుంటుంది. అది కూర్చుంది కాబట్టి మట్ట మళ్ళీ సులువుగా ముడికి చేరలేదు. మూడు మట్టలకి మూడు మిథనాల్ అణువులు కావాలి. పని మూడు అంచెల్లో జరుగుతుంది: ఒక మట్ట ఊడితే డైగ్లిసరైడ్, రెండూడితే మోనోగ్లిసరైడ్, మూడూ ఊడితే ఉత్త గ్లిసరిన్. సగం విప్పి వదిలేసిన కట్టలే తర్వాత ఫిల్టర్లో అడ్డం పడేవి.

ఇక్కడ కొంచెం రసాయనశాస్త్రం గట్టిగానే చెప్పుకోవాలి. క్షారమైన సోడియం హైడ్రాక్సైడ్‌ని మిథనాల్లో కరిగిస్తే మిథాక్సైడ్ అయాన్ పుడుతుంది. అది మట్టనీ ముడినీ కలిపే బంధమైన ఎస్టర్‌లోని కార్బొనిల్ కార్బన్ మీద దాడి చేస్తుంది, గ్లిసరిన్ వైపు బంధం తెగుతుంది, మిథైల్ ఎస్టర్, అంటే మన బయోడీజిల్, మిగులుతుంది. ఈ చర్య రెండు వైపులా నడిచేది. అందుకని లెక్క ప్రకారం మూడు మిథనాల్ అణువులు చాలినా ఆరు వేస్తారు. 60 డిగ్రీల దగ్గర గంటసేపు కలియబెడతారు. 64.7 డిగ్రీలకి మిథనాల్ మరుగుతుంది కాబట్టి అంతకి మించనివ్వరు. బరువుల లెక్క నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. ఓలిక్ ఆమ్లపు ట్రైగ్లిసరైడ్ 885 గ్రాములు, మిథనాల్ 96 గ్రాములు వేస్తే, బయోడీజిల్ 889 గ్రాములు, గ్లిసరిన్ 92 గ్రాములు. అటు 981, ఇటు 981.

పదో తరగతి కార్బన్ సమ్మేళనాల పాఠంలో ఎస్టర్ ఉంది, సబ్బు తయారీ ఉంది. రెండూ వేర్వేరు ప్రశ్నలుగా బట్టీ పట్టిస్తాం. సబ్బు చేసేటప్పుడు తెగేదీ బయోడీజిల్ చేసేటప్పుడు తెగేదీ ఒకే బంధమని, పక్కన నీళ్ళున్నాయా మిథనాల్ ఉందా అన్నదే తేడా అని ఒక్క బొమ్మ గీసి చెప్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. ఆ బొమ్మ గీసి తీరాలి.

సబ్బు మాట వచ్చింది కాబట్టి బజ్జీల నూనె దగ్గరికి పోదాం. కాగే నూనెలో మిరపకాయ బజ్జీ వేయగానే బుసబుసమని పొంగేది పిండిలోని నీరు. ఆ వేడిలో నీరే కొన్ని ముడుల్ని విప్పేస్తుంది. మిథనాల్ లేదు కాబట్టి ఊడిన మట్టల మొదళ్ళు ఖాళీగా, ఆమ్లాలుగా ఉంటాయి. ఇలాంటి నూనెలో క్షారం కలిపితే, క్షారం ముందు ఈ ఊడిన మట్టల్ని పట్టుకుంటుంది, సబ్బు అవుతుంది. ఆ సబ్బు నురగలో బయోడీజిల్, గ్లిసరిన్ విడిపోవు. అందుకే ముందు టైట్రేషన్ (చుక్క చుక్కగా క్షారం పోసి కొలవడం) చేసి ఆమ్లం ఎంతుందో చూసుకోవాలి. రెండు మూడు శాతం దాటితే మొదట సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఆ ఆమ్లాల్నే ఎస్టర్లు చేసి, ఆ తర్వాతే క్షారం వాడాలి. నూనెలో నీటి తడి అసలుండకూడదు.

పని పూర్తయిందో లేదో చూసే పరీక్ష చాలా అందంగా ఉంటుంది. 27 మిల్లీలీటర్ల మిథనాల్లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ పోసి కలుపుతారు. ముడులన్నీ విడిపోయి ఉంటే మొత్తం తేటగా కరిగిపోతుంది. విడిపోని నూనె ఉంటే చుక్కలుగా దిగి అడుగున పేరుకుంటుంది. ఇదంతా కాలేజీ ల్యాబులో, పెద్దవాళ్ళు పక్కనుండగా చెయ్యాల్సిన పని. నాటుసారాలో కలిసి మనుషుల కళ్ళూ ప్రాణాలూ తీసింది ఈ మిథనాలే. ఆవిరి పీల్చినా ప్రమాదమే, మంట దగ్గరైతే భగ్గుమంటుంది. ఇంట్లో, వంటింట్లో ఎవరూ ప్రయత్నించకండి.

మాడిన నూనెని ఇంధనం చెయ్యడంలో ఇంకో మేలుంది. పదే పదే కాచిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పాడవగా పుట్టేవి) 25 శాతం దాటితే వంటకి వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. వాడిన నూనెని సేకరించి బయోడీజిల్ చేసే రూకో కార్యక్రమం కూడా ఆ ఏడే మొదలైంది. బండి దగ్గర నల్లబడ్డ నూనె తక్కువ ధరకి మరో బండికి చేరి మన పిల్లల కడుపులోకి పోయేకంటే ఇంజన్లోకి పోవడం వెయ్యి రెట్లు నయం.

ఇప్పుడు జీడి. జీడి తొక్క నూనెలో కట్ట లేదు, ముడి లేదు. అందులో ముఖ్యమైనది అనకార్డిక్ ఆమ్లం. వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ వదిలి కార్డనాల్ అవుతుంది. ఆరు కార్బన్ల ఫినాల్ వలయానికి పదిహేను కార్బన్ల తోక. గ్లిసరిన్ లేనిచోట మిథనాల్ దేన్ని విప్పుతుంది? పైగా ఈ ఫినాళ్ళకి ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడే గుణముంది. ఆ గుణం వల్లే బ్రేకు లైనింగుల రెజిన్లకీ రంగులకీ ఇది పనికొస్తుంది, ఇంజెక్టర్లో అదే గుణం చేటు. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు నల్లబడి తోలు ఊడడానికి కారణం కూడా ఈ ద్రవమే. నల్లజీడి గింజలోదీ ఈ కుటుంబపు రసాయనమే. దిష్టి పోతుందని పసివాళ్ళకి దాన్ని కడతారు, దాని రసం తగిలితే లేత చర్మం బొబ్బలెక్కుతుంది. దయచేసి కట్టకండి. తొక్క నూనెని ఫ్యాక్టరీ బాయిలర్లలో, కొలుముల్లో మండించొచ్చు. ట్రాక్టరుకి మాత్రం వద్దు.

"ఆకులు ఉడకబెట్టి నీళ్ళని పెట్రోలు చేశార్ట కదా" అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. 1996లో తమిళనాడులో మూలికా పెట్రోలు పేరుతో ఒకాయన దేశాన్నంతా నమ్మించాడు. మోసమని తేలి 2016లో కోర్టు శిక్ష వేసింది. నీరంటే హైడ్రోజన్ అప్పటికే మండిపోగా మిగిలినది. దాన్ని మళ్ళీ మండించడానికి ఏ మూలికా చాలదు. నూనె గింజలో దాగిన శక్తికి లెక్కుంది, అది చెట్టు ఎండలోంచి కూడబెట్టినది.

ఏ చెట్టు అన్నది పెద్ద ప్రశ్న. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే తెచ్చుకుంటున్నాం. నువ్వులూ వేరుశెనగా పండించే మన నేలలో ఆ నూనెని ఇంజన్‌కి పోయమనడం తప్పు. 2003 తర్వాత దేశమంతా అడవి ఆముదం (జట్రోఫా) వెయ్యమన్నారు. బీడు భూమిలో నీళ్ళు లేకుండా కాస్తుందన్నారు. బతికింది గానీ చాలాచోట్ల అనుకున్నంత కాయలేదు. 2018 జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్లో 5 శాతం బయోడీజిల్ అంటోంది.

నా ఓటు కానుగకి. మన రోడ్ల పక్కనా చెరువు గట్ల మీదా ఉన్నదే. గాలిలోని నత్రజనిని నేలలో పట్టిపెట్టే చెట్టు, పశువులు అంతగా ముట్టనిది. గింజలో సుమారు మూడో వంతు నూనె. సీతంపేట కొండల్లో ఇప్ప కూడా ఉంది గానీ ఇప్ప నూనెలో ఊడిన మట్టలు ఎక్కువ, ఆమ్లంతో ముందు శుద్ధి తప్పదు. పైగా అందులో సగానికి దగ్గరగా సంతృప్త కొవ్వులు, చలికాలం పొద్దున్నే పేరుకుంటుంది. మన సరిహద్దు దాటగానే ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాల్లో గ్రామ వికాస్ సంస్థతో కలిసి కొన్ని కొండ గ్రామాలు సైకిల్ పెడల్‌తో తిరిగే చిన్న రియాక్టర్లో ఇప్ప, కానుగ, వలిసె నూనెల్ని బయోడీజిల్‌గా మార్చి తాగునీటి పంపు నడిపాయి.

ఒక లెక్క వేద్దాం. ఒక చెట్టుకి పది కిలోల గింజలు రాలాయనుకోండి. ఊరి గానుగలో పావు వంతు దిగినా రెండున్నర కిలోల నూనె. అయిదు హార్స్ పవర్ డీజిల్ పంపు నిండు లోడు మీద గంటకి సుమారు లీటరు తాగుతుంది. బయోడీజిల్లో శక్తి బరువుకి పది శాతం తక్కువ కాబట్టి ఇంకాస్త ఎక్కువే తాగుతుంది. అంటే ఒక చెట్టు రెండు గంటలకి పైగా నీళ్ళు తోడుతుంది. లారీలన్నిటికీ ఇది చాలదు. చెరువు గట్టు మీద యాభై చెట్లున్న ఊరికి, వరి పొట్ట మీద ఉండగా వాన మొహం చాటేసిన రోజుల్లో వంద గంటల నీళ్ళంటే పంట చేతికి రావడమే. మిథనాల్ మాత్రం బయట కొనాలి, అది ఎక్కువగా సహజవాయువు నుంచే వస్తుంది. కాబట్టి శిలాజ ఇంధనంతో తెగతెంపులు పూర్తిగా అయినట్టు కాదు. పాత ఇంజన్లో రబ్బరు పైపులు ఉబ్బుతాయి, మార్చుకోవాలి. ట్యాంకులో ఏళ్ళ తరబడి పట్టిన మడ్డిని బయోడీజిల్ కరిగించి తెస్తుంది, మొదట్లో ఫిల్టరు తరచూ చూసుకోవాలి.

గానుగలో మిగిలే ఏడున్నర కిలోల కానుగ చెక్క చేదు, పశువులకి పెట్టకూడదు. పొలానికి వేస్తే నత్రజని అందుతుంది, చెదలు తగ్గుతాయి.